కొత్త ఇన్హిబిటర్ వస్తోందని పాత మాత్ర ఆపవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 56 ఏళ్లు. రక్త క్యాన్సర్‌లో సీఎంఎల్ రకమని చెప్పి ఏడాదిన్నరగా రోజుకు 400 మిల్లీగ్రాముల ఇమాటినిబ్ మాత్ర ఇస్తున్నారు. ఈమధ్య వికారం, పిక్కలు పట్టేయడం ఎక్కువయ్యాయి. ఈ జబ్బుకు ల్యాబ్‌లో కొత్త ఇన్హిబిటర్ తయారుచేశారని చదివాము. అది వచ్చేదాకా ఈ మాత్ర ఆపవచ్చా?

జవాబు: దయచేసి మాత్ర ఆపవద్దు. మీ నాన్నగారు వాడుతున్నది కూడా ఇన్హిబిటరే, అంటే ఎంజైమ్ పనిని అడ్డుకునే మందే. సీఎంఎల్‌లో మూలుగలోని కణాల్లో 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై బీసీఆర్-ఏబీఎల్ అనే ఎంజైమ్ పుడుతుంది. అది కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్‌ను తీసుకుని ఇతర ప్రోటీన్లకు అంటిస్తూ, కణాలను ఆగకుండా పెరిగేలా చేస్తుంది. ఆ ఎంజైమ్‌లో ఏటీపీ కూర్చోవలసిన చిన్న గుంటలో ఇమాటినిబ్ ముందే చేరి కూర్చుంటుంది. దీని అణుభారం సుమారు 494 మాత్రమే. యాంటీబాడీ మందులకైతే అది దాదాపు లక్షన్నర ఉంటుంది. ఇంత చిన్న అణువు కాబట్టే మాత్రగా మింగినా రక్తంలో కలిసి కణం లోపలికి వెళ్లగలుగుతుంది.

ఇలాంటి అణువును మందుగా మలచడం ఎంత ఓపికతో కూడిన పనో ఇమాటినిబ్ కథే చెబుతుంది. ఈ జబ్బులోని క్రోమోజోమ్ లోపాన్ని 1960లో గుర్తించగా, రోగులపై పరీక్షలు 1998లో మొదలై, అమెరికాలో అనుమతి 2001లో వచ్చింది. తొలి అణువు అక్కరలేని మరో ఎంజైమ్‌ను కూడా అడ్డుకునేది. సరైన చోట ఒక్క మిథైల్ సమూహాన్ని (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువుల గుంపు) చేర్చాక ఆ గుణం పోయింది. మరోచోట పైపరజిన్ అనే నైట్రోజన్ ఉన్న వలయాన్ని తగిలించాక నీటిలో బాగా కరగసాగింది. నాకు ఇప్పటికీ ఇది అబ్బురంగానే అనిపిస్తుంది. మీరు చదివినటువంటి అణువులు ఇంకా జంతువులపై విషప్రభావ పరీక్షలు, ఆపై మనుషులపై మూడు దశల పరీక్షలు దాటాలి. ఎక్కువ భాగం మధ్యలోనే ఆగిపోతాయి.

మీ నాన్నగారికి మందు మార్చాలా అన్నది రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ జన్యువు ఆనవాళ్లు ఎంత ఉన్నాయో కొలిచే పీసీఆర్ పరీక్షే తేలుస్తుంది. ఏడాది చికిత్స తర్వాత అది 0.1 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉంటే మంచి ఫలితమే. తగ్గకపోయినా, మళ్లీ పెరుగుతున్నా, మాత్రలు మానలేదని నిర్ధారించుకుని జన్యు మార్పుల పరీక్ష చేయిస్తారు. ఉదాహరణకు టీ315ఐ అనే మార్పులో, ఆ గుంట ముఖద్వారం వద్ద థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం స్థానంలో ఐసోల్యూసిన్ అనే మరొకటి చేరడంతో ఇమాటినిబ్ పట్టదు. అప్పుడు పోనాటినిబ్, లేదా వేరే గుంటలో కూర్చునే ఆసిమినిబ్ ఉన్నాయి. కొందరిలో చికిత్స ఆపే వీలున్న మాట నిజమే కానీ, అది ఏళ్ల తరబడి లోతైన ఫలితం (పరీక్షలో జబ్బు ఆనవాళ్లు దాదాపు కనిపించని స్థితి) నిలిచినవారికి, తరచూ పీసీఆర్ చేస్తూ మాత్రమే.

వికారం తగ్గడానికి మాత్రను భోజనంతో పాటు పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోమనండి. పిక్కలు పట్టేస్తుంటే రక్తంలో కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం ఎంత ఉన్నాయో పరీక్ష చేయించండి. టీబీ మందు రిఫాంపిసిన్ ఇమాటినిబ్ మోతాదును రక్తంలో బాగా తగ్గిస్తుంది, కొన్ని ఫంగస్ మందులు పెంచుతాయి. కనుక వేరే ఏ మందు మొదలుపెట్టినా ముందుగా మీ డాక్టరుకు చెప్పండి. హఠాత్తుగా బరువు పెరిగినా, ఆయాసం, జ్వరం వచ్చినా ఆ రోజే చూపించండి.