ఎపిడెమిక్ రౌటింగ్‌లో బఫర్ నిండుతోంది, బ్యాటరీ అయిపోతోంది: ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు వన్ (ONE) అనే సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్‌లో ఆపర్చునిస్టిక్ నెట్‌వర్క్ కట్టారు, అంటే ఎప్పుడూ కనెక్షన్ ఉండదు, పరికరాలు ఎదురైనప్పుడే సందేశాలు చేతులు మారతాయి. అందులో ఎపిడెమిక్ రౌటింగ్ పెట్టారు. నోడ్లు, అంటే ఆ పరికరాలు, పెంచితే గమ్యం చేరే సందేశాలు పెరగాల్సింది పోయి తగ్గుతున్నాయి, సందేశాలు దాచుకునే మెమరీ (బఫర్) నిండిపోతోంది, బ్యాటరీలూ ముందే చస్తున్నాయి. రెండింటికీ వేరే వేరే మందులు వెతుకుతున్నారు. నేనూ అట్లాగే వెతికినా, కాకపోతే నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల గట్ల మీద.

మావి పదకొండు గుంటలు. ఒక్కోదాని గట్టున ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న చిప్) పెట్టిన ప్లాస్టిక్ డబ్బా, నీళ్ళలో ఆక్సిజన్, వేడి రాసుకుంటుంది. సిగ్నల్ రోడ్డు పక్క షెడ్డు దగ్గరే. అందుకని మేత వేసే కుర్రాళ్ళ రెండు బైకులకూ డబ్బాలు కట్టాం. గుంట దగ్గర రీడింగులు బైకెక్కుతాయి, షెడ్డు దగ్గర దిగుతాయి. వాదత్, బెకర్ అనే పరిశోధకులు 2000లో చెప్పిన ఎపిడెమిక్ పద్ధతే మాదీ: ఎదురైన ప్రతి డబ్బాకూ ఉన్నదంతా ఇచ్చేయడం.

నాలుగు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. అయిదో రోజు ఆరో గుంట రీడింగులు ఆగిపోయినాయి. "ఏంది అబ్బయా, నీ డబ్బాకి జొరమొచ్చిందా" అని మేత కుర్రాడు నవ్వినాడు. విప్పి ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే మెమరీ నిండా పక్క గుంటల రీడింగులే. సగానికి పైగా షెడ్డుకు ఎప్పుడో చేరినవి. కొత్తగా వచ్చిన సొంత రీడింగుకు చోటు లేక పారేస్తోంది. ఇంటి నిండా చుట్టాలు, ఇంటాయనకు అరుగు కూడా మిగల్లేదు.

ఇంటర్నెట్‌లో వాడే టీసీపీ పద్ధతిలో లాగా పంపేవాడు వేగం తగ్గించుకుంటాడని ఇక్కడ ఆశపడొద్దు. చేరిందన్న కబురే పూటల తర్వాత వస్తుంది. దారిలో ప్రతి నోడూ తన చోటు తనే చూసుకోవాలి.

మమ్మల్ని బయటపడేసింది స్ప్రే అండ్ వెయిట్, 2005 నాటి పద్ధతి. ఒక్కో రీడింగుకు ఇన్నే కాపీలని ముందే కట్టేస్తారు. మేం రెండు పెట్టాం, బైకుకొకటి. దానికి తోడు, చేరిన రీడింగుల నంబర్ల పట్టీని షెడ్డు నుంచి బైకులకు, బైకుల నుంచి గుంటలకు పంపాం. పట్టీలో నంబరు కనపడితే చెరిపేయడమే. నన్నడిగితే ఈ పట్టీయే అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది, పుస్తకాల్లో దానికి రెండు లైన్లే ఉంటాయి గానీ. బఫర్ నిండితే ఏది పారేయాలన్నది కూడా తేల్చుకోండి. మేం ఎక్కువసార్లు కాపీ అయినదాన్ని ముందు పారేశాం, దాని తోబుట్టువులు ఎక్కడో ఉంటారు కాబట్టి.

కాపీలు తగ్గితే పంపడానికయ్యే కరెంటు తగ్గుతుంది. అయితే అసలు తినేది పంపడం కాదు, ఎవరైనా వస్తారేమోనని చెవులు రిక్కించుకుని కూర్చోవడం. ఈఎస్‌పీ32 వైఫై వింటున్నంతసేపూ సుమారు 100 మిల్లీఆంపులు లాగుతుంది, డీప్ స్లీప్‌లో, అంటే దాదాపు అన్నీ ఆపేసి పడుకున్నప్పుడు, చిప్ పది మైక్రోఆంపులతో సరిపెట్టుకుంటుంది. 2600 ఎంఏహెచ్ సెల్ ఊరికే వింటూ ఉంటే 26 గంటలు, అంతే. ఇరవై సెకన్లకొక సెకను మాత్రమే వింటే లెక్కకు మూడు వారాలు. కానీ గట్టు మీద బైకు ఆగకుండా పోతే డబ్బా పరిధిలో ఉండేది పాతిక సెకన్లు, కనెక్ట్ కావడానికే మూడు నాలుగు పోతాయి, చాలాసార్లు తప్పిపోయేది. చివరికి మేత వేళలే డబ్బాలకు చెప్పాం: పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. ఆ వేళకు అరగంట అటూ ఇటూ తప్ప మిగతా సమయంలో రేడియో కట్. బ్యాటరీ బాగా తగ్గిన బైకు డబ్బా పక్క బైకు సరుకు మోయదు, గుంటలవి మాత్రమే తీసుకుంటుంది.

మీ సిమ్యులేషన్‌లో మొదట చూడాల్సింది కూడా ఈ వేళలూ, వినడానికయ్యే కరెంటే. వన్‌తో వచ్చే డిఫాల్ట్ మ్యాప్ హెల్సింకిది. అక్కడ తిరిగే బొమ్మ మనుషులకు మేత వేళలు లేవు. మీ నోడ్ల కదలికలో వేళాపాళా ఉంటే సొంత మూవ్‌మెంట్ ఫైలు ఇవ్వండి, స్కాన్‌కు, అంటే ఎవరైనా ఉన్నారా అని వెతకడానికి, అయ్యే ఎనర్జీ కూడా సెట్టింగుల్లో పెట్టండి. అది సున్నా ఉంటే మీ బ్యాటరీ గ్రాఫు కట్టుకథే.

ఇంకోటి. ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామున, ఆ వేళకు ఏ బైకూ రాదు. అందుకే ఆ హెచ్చరికను నెట్‌వర్క్‌కు వదల్లేదు, గుంట గట్టునే సైరన్ పెట్టాం.