ఆఫీసులో గబగబా తింటే కడుపు ఎందుకు ఉబ్బుతుంది?

గబగబా తినేటప్పుడు ముద్దతో పాటు గాలిని కూడా మింగుతాం, పైగా చాలిందని తెలిసేలోపే ఎక్కువ తినేస్తాం; భోజనం తర్వాత ఉబ్బరానికి తరచుగా ఇదే కారణం.

జీర్ణక్రియ నోట్లోనే మొదలవుతుంది. నమిలే కొద్దీ ముద్ద మెత్తబడి, లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము అన్నంలోని పిండిపదార్థాన్ని విడగొట్టడం ప్రారంభిస్తుంది. నమలకుండా మింగితే ఆ శ్రమంతా కడుపు మీద పడుతుంది. అక్కడ పళ్లు లేవు కదా! కడుపు నిండిన సంకేతం మెదడుకు పూర్తిగా అందడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది.

ఉదాహరణకు, కంప్యూటర్ చూస్తూ పప్పన్నం, వేపుడు, పెరుగన్నం 7 నిమిషాల్లో ముగించారనుకోండి. ఆ సంకేతం వచ్చేసరికి డబ్బా ఖాళీ. అదే భోజనాన్ని తెర ఆపేసి, నోట్లోది మింగాకే మరో ముద్ద కలుపుతూ 20 నిమిషాలు తింటే కడుపు తేలిగ్గా ఉంటుంది.

చాలామంది నేరం నీళ్ల మీద వేస్తారు. భోజనం మధ్యలో తాగితే జీర్ణరసాలు పలచబడి తిన్నది అరగదంటారు. అది అపోహ, కడుపు అవసరమైనంత ఆమ్లాన్ని స్రవిస్తూనే ఉంటుంది. సోడా, కూల్‌డ్రింకుల సంగతి వేరు, వాటిలోని గ్యాసే ఉబ్బరం పెంచుతుంది. నిదానంగా తిన్నా వారాల తరబడి తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలి.