‘సిగ్గు పోయే బిళ్ళ’ ఆదివారం రెండు వేసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 21 ఏళ్ళు. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. పదో తరగతితో చదువు ఆపేసి ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తున్నాను. నాన్న ఆటో నడుపుతారు. ఏడాదిగా ఒక అబ్బాయిని ఇష్టపడుతున్నాను, ముందు తనే చెప్పాడు. ఎం.టెక్ చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ప్రస్తుతం ఇంటి నుంచే పని. వాళ్ళకి రొయ్యల చెరువులు ఉన్నాయి. నేను ఇంటర్ చదివాననుకుంటున్నాడు, కాదని చెప్పలేకపోయాను. చిన్నప్పటి నుంచి నాకు సిగ్గు ఎక్కువ. తన ఫ్రెండ్స్ ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి, నోట మాట రాదు. మెడికల్ షాపులో అడిగితే ప్రొప్రనొలాల్ 40 ఇచ్చారు. మూడు నెలలుగా వారానికి రెండు మూడు వేసుకుంటున్నాను, దడ తగ్గుతోంది. ఈ మధ్య రాత్రిళ్ళు దగ్గు, ఆయాసం వస్తున్నాయి. చిన్నప్పుడు కూడా ఉండేవి, ఎనిమిదో తరగతి దాకా ఇన్‌హేలర్ వాడాను. దానికీ షాపులోనే బిళ్ళలు ఇచ్చారు. సూదికి పూస ఎక్కించేటప్పుడు చెయ్యి వణుకుతోంది. బాగా చిక్కిపోయాను, జాకెట్లు రెండుసార్లు బిగించుకున్నాను. వచ్చే ఆదివారం వాళ్ళమ్మగారికి నన్ను పరిచయం చేస్తానంటున్నాడు. ఆ రోజు రెండు బిళ్ళలు వేసుకోవచ్చా? సిగ్గు పూర్తిగా పోవడానికి మందు ఉందా? ఇంత తేడా ఉన్న ప్రేమ నిలుస్తుందా?

– ఒక పాఠకురాలు

జవాబు: రెండు కాదమ్మా, ఒకటి కూడా వద్దు. మీరు ఆదివారం అన్నారు కాబట్టి వరసలో ఉన్న ఉత్తరాలు పక్కన పెట్టి ముందు మీకు రాస్తున్నాను.

ఓపీ మధ్యలో మీ ఉత్తరం చదువుతూ ‘ఎనిమిదో తరగతి దాకా ఇన్‌హేలర్’ అన్నచోట ఆగిపోయాను. షాపులో ఆ ముక్క చెప్పారా? చెప్పి ఉండరు. వాళ్ళు అడిగీ ఉండరు.

ప్రొప్రనొలాల్ మంచి మందే. గుండె దడకి, మైగ్రేన్‌కి మేమూ రాస్తాం. స్టేజీ ఎక్కాలంటే కాళ్ళూ చేతులూ వణికేవాళ్ళకి కూడా అప్పుడప్పుడు ఇస్తుంటాం. కానీ రాసేముందు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ఆయాసం ఉందా? కంగారు పడ్డప్పుడు ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలైతే గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి గొట్టాలు వదులవుతాయి. ఈ బిళ్ళ ఆ రెండింటికీ అడ్డం పడుతుంది. గుండె నెమ్మదిస్తుంది కాబట్టి మీకు హాయిగా ఉంటుంది. అదే సమయంలో ఊపిరి గొట్టాలు బిగుసుకుపోవచ్చు. ఆస్తమా ఉన్నవాళ్ళలో కొందరికి ఒక్క బిళ్ళతోనే ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. పైగా అలాంటప్పుడు ఊపిరి గొట్టాల్ని వదులుచేసే సాల్‌బుటమాల్ ఇన్‌హేలర్ పీల్చినా అది సరిగా పనిచేయకపోవచ్చు. అది వెళ్ళాల్సిన దారినే ఈ బిళ్ళ మూసేసి ఉంటుంది మరి.

మీ రాత్రి దగ్గు కచ్చితంగా ఈ బిళ్ళ వల్లే అని ఉత్తరం చూసి చెప్పలేను. పెళ్ళిళ్ళ సీజన్‌లో తలుపులు మూసుకుని, దోమల కాయిల్ వెలిగించుకుని అర్ధరాత్రి దాకా మగ్గం ముందు కూర్చునే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. ఆ పొగ వల్ల కూడా కావచ్చు. ఛాతీ వినాలి, స్పైరోమెట్రీ (గొట్టంలోకి గట్టిగా ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) చేయించాలి, అప్పుడు తేలుతుంది. అప్పటిదాకా బిళ్ళ మాత్రం ఆపండి. మీరు రోజూ వాడటం లేదు కాబట్టి ఆపడం వల్ల సాధారణంగా ఇబ్బంది ఉండదు. (ఇది చదువుతున్న గుండెజబ్బు, బీపీ పేషెంట్లకి ఒక మాట: డాక్టర్ రాసిస్తే రోజూ వేసుకుంటున్నవాళ్ళు దీన్ని ఉన్నపళంగా మానేయకూడదు. మీ డాక్టర్‌ని అడగకుండా ఏమీ మార్చకండి.)

ఆయాసానికి ఇచ్చిన బిళ్ళల పేర్లు మీరు రాయలేదు. సాల్‌బుటమాల్, థియోఫిలిన్ రకాలైతే చేతులు వణకడం, దడ రావడం వాటితో మామూలే. అంటే చూడండి, దడకి ఇచ్చిన బిళ్ళ ఆయాసం తెచ్చి ఉండొచ్చు, ఆయాసానికి ఇచ్చిన బిళ్ళ మళ్ళీ దడ, వణుకు తెచ్చి ఉండొచ్చు. మీకు రెండు బిళ్ళలు, షాపుకి రెండు బిల్లులు. నేను రోజూ మొత్తుకునేది ఇదే. డాక్టర్ ఫీజు మిగిలిందనుకుంటారు, మూడు నెలలు పోయాక అంతకు పదింతలు పెట్టుకుని వస్తారు. దీనికి చదువుతో కూడా సంబంధం లేదు. ఇంటర్వ్యూకి వెళ్తూ ఫ్రెండ్ చెప్పాడని ఇదే బిళ్ళ మింగి వచ్చిన ఇంజినీర్లని చూశాను. స్ట్రిప్ మీద ఇంగ్లీషు చదవలేకపోయినా ఫర్వాలేదు. డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందుల స్ట్రిప్ మీద సాధారణంగా ఎర్రటి నిలువు గీత ఉంటుంది. డిజైన్‌లో ఒక్క పూస పక్కకి జరిగినా పట్టేసే కళ్ళు మీవి, ఆ గీత కనబడదా?

మీరు మామూలుగా రాసేసిన ఇంకో మాట కూడా నన్ను ఇబ్బంది పెడుతోంది. చెయ్యి ఆ అబ్బాయి ముందు వణికితే అది టెన్షన్ అనుకోవచ్చు. ఇంట్లో, ఎవరూ లేనప్పుడు, ఏళ్ళ తరబడి అలవాటైన పనిలో సూదికి పూస ఎక్కిస్తూ కూడా వణుకుతోందంటే అది సిగ్గు కాదు. దానికి తోడు జాకెట్లు రెండుసార్లు బిగించుకున్నారు. తిండి మానేసి చిక్కారా, మామూలుగా తింటూనే చిక్కారా? తింటూనే అయితే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందేమో చూడాలి. అందులోనూ దడ, చెమటలు, వణుకు, బరువు తగ్గడం, నెలసరి తేడాలు అన్నీ ఉంటాయి. మీ వయసు అమ్మాయిల్లో చూస్తూనే ఉంటాం. అద్దం ముందు నిలబడి గుక్కెడు నీళ్ళు మింగుతూ గొంతు కింది భాగం చూసుకోండి. అక్కడ వాపు పైకీ కిందకీ కదిలితే డాక్టర్‌కి చెప్పండి. వాపు లేకపోయినా పరీక్ష చేయించాల్సిందే. రక్తహీనత వల్ల కూడా దడ వస్తుంది. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉన్న ఆడపిల్లలు మన దగ్గర కోకొల్లలు. కాబట్టి హిమోగ్లోబిన్‌కి రక్తపరీక్ష, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 పరీక్షలు, వీటితో మొదలుపెట్టమని చెబుతాను. మిగతావి మిమ్మల్ని చూసిన డాక్టర్ ఇష్టం.

ప్రొప్రనొలాల్ థైరాయిడ్ లక్షణాలని కూడా కప్పేస్తుంది. నాడి నెమ్మదిస్తుంది, వణుకు తగ్గుతుంది, జబ్బు మాత్రం లోపల అలాగే ఉంటుంది. అందుకే బిళ్ళ వేసుకుంటున్న సంగతి డాక్టర్ దగ్గర దాచొద్దు. ‘మందులేమైనా వాడుతున్నారా’ అని అడిగితే ‘ఏమీ లేదండి’ అనే అలవాటు మనవాళ్ళకి బాగా ఉంది.

సిగ్గుకి వద్దాం. సిగ్గు జబ్బు కాదు, దాన్ని పూర్తిగా తీసేసే మందూ లేదు. నలుగురిలోకి వెళ్ళాల్సి వస్తుందని పనులు మానేసుకోవడం, వారం ముందు నుంచే నిద్ర పట్టకపోవడం లాంటివి ఉంటే దాన్ని సోషల్ యాంగ్జైటీ అంటాం. దానికి చికిత్స ఉంది. ఎక్కువగా మాటలతోనే, కొద్దికొద్దిగా అలవాటు చేయిస్తారు. అవసరమైతే సైకియాట్రిస్ట్ మందులు రాస్తారు, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. థైరాయిడ్ రిపోర్టు రాకుండా మీది సోషల్ యాంగ్జైటీ అని నేను అనను. ఊళ్ళో సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే నలుగురూ ఏమనుకుంటారో అని మీకు ఉండొచ్చు. మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రేమ నిలుస్తుందా లేదా అన్నది నా సబ్జెక్టు కాదు. చెరువులకీ ఆటోకీ మధ్య దూరం కొలిచే పరికరం నా దగ్గర లేదు. కానీ ‘చెప్పలేకపోయాను’ అన్న మాట పట్టుకుని ఒకటి అడుగుతాను. పదో తరగతి సంగతి ఎప్పుడు చెబుతారో మీ ఇష్టం. ఆయాసం సంగతి అతనికి తెలుసా? ఎందుకడుగుతున్నానంటే, పెళ్ళయిన కొత్తలో ఇన్‌హేలర్ మానేసి ఎమర్జెన్సీకి వచ్చే అమ్మాయిల్ని చూస్తుంటాను. కొంచెం పెద్దింటి సంబంధం అయితే మరీ. ఒకమ్మాయి ఇన్‌హేలర్‌ని బీరువాలో పట్టుచీరల మడతల మధ్య దాచుకుంది. అత్తగారు గుడికి వెళ్ళినప్పుడు మాత్రమే పీల్చేదట. ఒక రాత్రి బీరువా తాళం అత్తగారి దగ్గర ఉండిపోయింది. మాట కూడా పూర్తి చేయలేని స్థితిలో తీసుకొచ్చారు. బతికింది. బయట అత్తగారు ‘మాకు చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేదా’ అని తిట్టుకుంటూ, ఏడుస్తూ కూర్చుంది. ఆస్తమా ఉంటే పెళ్ళి చేసుకోకూడదని, పిల్లలు పుట్టరని ఎవరైనా అంటే నమ్మకండి. సరిగ్గా మందులు వాడుకుంటే అందరిలాగే ఉండొచ్చు. పక్కవాళ్ళకి తెలియాలి, అంతే.

ఆ అబ్బాయికి ఇంగ్లీషు వచ్చు కదా, ఆ రెండు స్ట్రిప్‌లూ ఇచ్చి చదవమనండి. వీలైతే ఆస్పత్రికి తనే తీసుకెళ్తాడు.

రేపే వెళ్ళండి, ఆదివారం దాకా ఆగొద్దు. మీ ఊరికి దగ్గర్లోని ప్రభుత్వాస్పత్రి అయినా సరే, ఫిజీషియన్ ఎవరైనా సరే. రెండు స్ట్రిప్‌లూ, పాత ఇన్‌హేలర్ ఉంటే అదీ పట్టుకెళ్ళండి. ఈలోగా మాట్లాడుతుంటే ఆయాసంతో మాట తెగిపోతున్నా, పడుకోలేక లేచి కూర్చోవాల్సి వస్తున్నా, పెదవులు నీలంగా కనబడినా 108కి ఫోన్ చేయండి. అప్పుడు కూడా షాపుకి పరిగెత్తకండి తల్లీ.

ఆదివారం ఏమైనా తిని వెళ్ళండి. ఖాళీ కడుపుతో కాఫీ తాగితే దడ లేనివాళ్ళకి కూడా వస్తుంది. వాళ్ళింట్లో కాఫీ ఇస్తే ‘మజ్జిగ ఉందా ఆంటీ’ అని అడగండి. టీఎస్‌హెచ్ రిపోర్టు వచ్చాక మళ్ళీ రాయండి, ఈసారి ఆయాసం బిళ్ళల పేరు కూడా రాయండి.

(ఇది ఉత్తరం ఆధారంగా ఇచ్చిన సాధారణ సలహా మాత్రమే. మిమ్మల్ని స్వయంగా పరీక్షించిన డాక్టర్ చెప్పేదే పాటించాలి.)