కారం వేయకముందే వాడి వంతు తీసిపెట్టు

ప్రొద్దుటూరు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఫోన్‌లో చెప్పిందంతా విన్నా. బుడ్డోడికి ఏడాదిన్నర నిండింది, ముద్ద పెడితే ఉమ్మేస్తున్నాడు, పళ్లెం తోసేస్తున్నాడు, మీ అత్తమ్మేమో బిడ్డ ఎండిపోతున్నాడని రోజూ అంటోంది, నీకు టెన్షన్. ఫోన్‌లో చెబితే సగం వాడి ఏడుపులో కలిసిపోతుంది, మిగతా సగం నువ్వు మర్చిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నా. అంగన్‌వాడీలో ఇన్నేళ్లు ఊళ్లో పిల్లలకు తినిపించిన దాన్ని కాబట్టి కొంచెం పెత్తనంగానే ఉంటుంది, ఏమనుకోకు.

ముందు ఒక లెక్క చూడు. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది తిరిగేసరికి తొమ్మిది కిలోల దాకా వస్తాడు. రెండో ఏట మాత్రం పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల అట్లా నెమ్మదించినప్పుడు ఆకలి కూడా తగ్గుతుంది. మొన్నటిదాకా గిన్నె నాకినోడు ఇప్పుడు నాలుగు ముద్దలకే మొహం తిప్పుకుంటే అందులో వింతేమీ లేదు. తింటున్నాడా లేదా అని పళ్లెం చూసి చెప్పొద్దు, తూకం చూసి చెప్పు. నెలకొకసారి అంగన్‌వాడీకి తీసుకుపోయి బరువు, ఎత్తు చూపించు. మాతా శిశు రక్షణ కార్డులో చుక్కలు పెట్టించు. చుక్కలు కలిపిన గీత మెల్లగానైనా పైకి పోతూ ఉంటే మీ అత్తమ్మకు ఆ కార్డే చూపించు, నువ్వు వాదించే పని లేదు. గీత అడ్డంగా పడుకున్నా, కిందికి దిగినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరకు పో.

రెండోది పాలు. నిన్ను అడిగితే రాత్రి ఒక సీసా, తెల్లారి ఒక సీసా, మధ్యాహ్నం నిద్ర లేచాక ఇంకొకటి అన్నావు. మరి అన్నానికి కడుపులో చోటెక్కడ? ఏడాది దాటిన బిడ్డకు రోజు మొత్తం మీద ఆవు పాలైనా గేదె పాలైనా అర లీటరు మించకూడదు. పాలల్లో ఇనుము బాగా తక్కువ. పాల మీదే పెరిగే పిల్లలు బొద్దుగా కనపడతారు గానీ కనురెప్ప లోపల చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటారు. సీసా మాన్పించి గ్లాసు అలవాటు చెయ్యి. నీ పాలు ఇస్తున్నావు కదా, అవి మానొద్దు, రెండేళ్లు నిండేదాకా, ఆ తర్వాతా ఇవ్వొచ్చు. వాళ్ల తాత టీలో బిస్కెట్ ముంచి పెడుతున్నాడని చెప్పావు చూడు, దాన్ని మాత్రం ఎట్లాగైనా ఆపు. టీ తిండిలో ఉన్న ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. బిస్కెట్‌లో ఉండేది మైదా, చక్కెర. పెద్దాయనకు మొహం మీద చెప్పలేకపోతే, ఆయన టీ తాగే వేళకు వాడి చేతిలో అరటిపండు పెట్టు.

ఇప్పుడు వంట సంగతి. వాడికి వేరే వంట అని పెట్టుకోకు, నాలుగు రోజులకే విసుగొస్తుంది. ఇంట్లో వండేదాంట్లోంచే వాడి వంతు కారం పడకముందు తీసిపెట్టాలి, నేను చెప్పే ఉపాయం అంతే. అయితే మన పప్పుకు ఒక చిక్కుంది. పచ్చిమిరపకాయలు, చింతపండు, టమోటా అన్నీ కుక్కర్‌లోనే వేసి ఉడికిస్తాం, తర్వాత తీయాలన్నా రాదు. అందుకని ఒక చిన్న స్టీలు గిన్నె దానికే కేటాయించు. అందులో గుప్పెడు బియ్యం, అందులో సగం పెసరపప్పు, వేలంత గుమ్మడికాయ ముక్కో క్యారెట్ ముక్కో, తుంచిన పాలకూర నాలుగాకులు, చిటికెడు పసుపు, నీళ్లు కాస్త ఎక్కువ. ఆ గిన్నెను మీ పప్పు పక్కనే కుక్కర్‌లో పెట్టేయ్. మూత తీశాక గరిటె వెనకవైపుతో మెదిపి, అర స్పూన్ నెయ్యి, నాలుగు చుక్కలు నిమ్మరసం. నిమ్మరసం రుచికనే అనుకోకు, పప్పులో ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి అందులోని సి విటమిన్ సాయపడుతుంది. రేపు గుమ్మడికాయ బదులు సొరకాయ, పెసరపప్పు బదులు కందిపప్పు, పాలకూర బదులు తోటకూర. గిన్నె అదే, రుచి మారుతుంది. వాడికి పళ్లు వచ్చాయి కాబట్టి మిక్సీలో వేసి గుజ్జు చేయకు. నమిలే పని నేర్వాల్సింది ఇప్పుడే. మిక్సీ గుజ్జుకు అలవాటైన పిల్లలు మూడేళ్లొచ్చినా మెతుకు తగిలితే వాంతి చేసుకుంటారు, ఎంతమందిని చూశానో.

ఉప్పు చిటికెడు చాలు. చక్కెర, బెల్లం రెండేళ్లు నిండేదాకా కలపకపోతేనే మేలు. కారం ఎందుకు వద్దంటున్నానంటే, నాలుక మండడం ఒక్క పూటతో పోతుంది గానీ పళ్లెం చూస్తేనే భయపడే అలవాటు పోదు. మన జిల్లాల్లో ‘ఇప్పటినుంచే అలవాటు చేయాల’ అని ముద్దకు ఇంత గొడ్డుకారం అద్దే పెద్దలున్నారు. జీలకర్ర, కొంచెం మిరియాల పొడితో మొదలుపెడితే చాలు, కారం ఎక్కడికీ పోదు.

రాగి సంగటి మానొద్దు. మీ అత్తమ్మ ‘పసిబిడ్డకు సంగటేంది’ అంటుందేమో గానీ, వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. బియ్యంలో దానికి దరిదాపుల్లో కూడా లేదు. వాడికి మాత్రం నూకలు బాగా మెత్తబడేదాకా ఉడికించి, ముద్ద కొంచెం జారుగా ఉన్నప్పుడే తీసి, నెయ్యి వేసి, కారం లేని పప్పుతోనో కోడికూర కాగేటప్పుడు మసాలా వేయకముందు తీసిన రసంతోనో కలుపు. గోరువెచ్చగా ఉన్నప్పుడే పెట్టాలి. ఆరితే సంగటి గట్టిపడి గొంతు దిగదు, వాడిదేం తప్పు?

జావకు మొలకల రాగి పిండి వాడు. రాగులు కడిగి రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచి, తడి పంచెలో మూట కట్టి ఒక పగలూ రాత్రీ ఉంచు. మధ్యలో ఒకటి రెండుసార్లు నీళ్లు చిలకరించు. తెల్లగా మొలక కనపడగానే నీడలో ఆరబోసి, సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా మాత్రమే వేయించి మర పట్టించు. మాడేలా వేయిస్తే పడిన కష్టమంతా దండగ. ఎందుకంటే మొలకెత్తిన గింజలో పిండిని కరిగించే ఎంజైములు పుడతాయి. వాటివల్ల జావ ఊరికే చిక్కబడదు, అదే గ్లాసు జావలో ఎక్కువ పిండి పడుతుంది. బిడ్డ తాగేది కొంచెమే కాబట్టి ఆ కొంచెంలోనే సత్తువ ఉండాలి. మామూలు పిండితో పల్చగా కాచిన జావ కడుపు నింపుతుంది, అంతకుమించి ఏమీ లేదు.

అనంతపురంలో ఉండి చెనక్కాయలు పెట్టకపోతే ఎట్లా? పెట్టు, కానీ గింజగా అస్సలు వద్దు. నాలుగైదేళ్లు వచ్చేదాకా గింజ నోట్లో పెట్టనివ్వకు. నవ్వుతూనో ఏడుస్తూనో ఉండగా గొంతులోకి కాకుండా గాలిగొట్టంలోకి పోతుంది, అప్పుడు ప్రాణం మీదికొస్తుంది. పొలం నుంచి బస్తా వచ్చి వరండాలో పోసినప్పుడు బుడ్డలు ఏరుకుని నోట్లో వేసుకునేది ఈ వయసు పిల్లలే, కనిపెట్టుకుని ఉండు. వేయించి, పొట్టు ఊది, మెత్తగా నూరి, ఆ ముద్ద ఒక స్పూన్ జావలోనో సంగటిలోనో కలుపు. మిరపకాయ, చింతపండు లేని ఊరుబిండి పచ్చడి అనుకో. మొదటిసారి మాత్రం పావు స్పూన్ పెట్టి ఆ పూటంతా చూడు. దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం లాంటివి ఏమైనా కనిపిస్తే వెంటనే ఆస్పత్రి. పుట్నాలు, శనగలు, మిఠాయి బిళ్లలు కూడా ఇదే కోవ. ద్రాక్ష నిలువుగా నాలుగు చీలికలు చేసే ఇవ్వు.

ఉగ్గాని చేసిన రోజు వాడికి పండగే. బొరుగులు నానబెట్టి నీళ్లు పిండేసి, నూనెలో ఎర్రగడ్డ, టమోటా బాగా మగ్గాక మిరపకాయ ముద్ద వేయకముందే ఒక చిన్న బాణలిలోకి వాడి భాగం తీసి, ఆ బొరుగులు, పసుపు, పుట్నాల పొడి రెండు స్పూన్లు, నిమ్మరసం కలుపు. ఆ పొడి తగ్గించొద్దు, ఉత్త బొరుగుల్లో బలం లేదు. కరివేపాకు, ఆవాలు ఏరేయ్. బజ్జీ వైపు చేయి చాపుతాడు, చూడనట్టు ఉండు.

గుడ్డు రోజుకొకటి పెట్టొచ్చు. ‘ఎండాకాలం, వేడి చేస్తుంది’ అంటారు. ఎండాకాలంలో వేడి చేసేది మన ఊళ్లో ఎండే, గుడ్డు కాదు. పూర్తిగా ఉడికించి పచ్చసొనను అన్నంలో మెదుపు, లేదా మునగాకు తరిగి పల్చటి అట్టు పోసి వేళ్లంత ముక్కలు కోసి ముందు పెట్టు, వాడే పట్టుకుని తింటాడు. ఆదివారం కోడి తెస్తే కార్జం, అదే లివర్, ఒక చిన్న ముక్క వాడికే. ఇనుము, ఎ విటమిన్ రెండూ అందులో దండిగా ఉంటాయి. వారానికి ఒకసారి చాలు, అంతకు మించొద్దు.

పండ్లకు మనకు కరువా. అరటి, బొప్పాయి ఏడాది పొడుగునా దొరుకుతాయి. చీనికాయ (బత్తాయి) తొనలు పొర ఒలిచి, గింజ తీసి ఇవ్వు, రసం పిండకు, పిప్పితో తినాలి. ఎండాకాలం కలింగర (పుచ్చకాయ), మామిడి. వానలు పడ్డాక సీతాఫలం వస్తుంది గానీ దానికి ఓపిక కావాలి, ఒక్కొక్క గింజా నువ్వే తీసి గుజ్జు పెట్టాలి. సాయంత్రం ఆకలికి ఉడికించిన గెనుసుగడ్డ (చిలగడదుంప), మెదిపిన అలసంద గుగ్గిళ్లు, పెరుగులో కలిపిన కొర్రన్నం. కొర్రలు గంటా రెండు గంటలు నానితేగాని మెత్తబడవు, పొద్దున్నే గుర్తుపెట్టుకో. రంగు కాగితంలో వచ్చే కరకరలు ఇంట్లోకే తేవొద్దు. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు పెడతారు.

పెట్టే తీరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నువ్వు ఫోన్‌లో బొమ్మలు పెట్టి తినిపిస్తున్నావని నాకు తెలుసు. బొమ్మ చూస్తూ తిన్న బిడ్డకు కడుపు నిండిన సంగతి తెలియదు, ఏం తిన్నాడో అంతకన్నా తెలియదు. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది నీ పని. ఎంత తినాలన్నది వాడి పని. రోజుకు మూడుసార్లు అన్నం, మధ్యలో ఒకటి రెండుసార్లు చిన్న తిండి. ఒక్కోసారి 250 మిల్లీలీటర్ల గిన్నెలో ముప్పావు నుంచి నిండుగా తింటే ఈ వయసుకు చాలు. అందరితో పాటు కింద కూర్చోబెట్టి వాడి పళ్లెం వాడి ముందు పెట్టు. పూసుకోనీ, పారబోయనీ, కింద పాత చీర పరుచు. అరగంట చూసి తినకపోతే ఏమీ అనకుండా పళ్లెం తీసెయ్. అయ్యో అని వెంటనే పాలసీసా ఇచ్చావంటే వాడు నిన్ను చదివేశాడన్నమాట. రెండు గంటలాగి మళ్లీ పెట్టు.

కొత్త కూర ఉమ్మేస్తే వాడికి పడదని తేల్చేయకు. ఒక రుచి అలవాటు కావడానికి పిల్లలకు ఎనిమిది పదిసార్లు పట్టొచ్చు. ఇష్టమైనదాని పక్కనే రెండు ముక్కలు వేస్తూ ఉండు. బతిమాలకు, నువ్వూ అదే తింటూ కనపడు.

ఇంకొన్ని గబగబా. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, బాలామృతం పిండి వదులుకోకు. ఆ పిండిలో చక్కెర ముందే ఉంటుంది, నువ్వు మళ్లీ వేయకు. ఆర్నెల్లకొకసారి ఎ విటమిన్ చుక్కలు, ఫిబ్రవరిలో ఆగస్టులో నులిపురుగుల మాత్ర వేయించు. రెండేళ్ల లోపు బిడ్డకు అర మాత్రే, నలిపి నీళ్లలో కలిపి ఇవ్వాలి. అక్కడే చేతి దండకు చుట్టి కొలిచే టేపు ఉంటుంది, 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ఎరుపు చూపిస్తుంది, ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. వాడు మట్టి, సుద్ద, గోడ పెచ్చు తింటున్నట్టు కనపడితే కొట్టొద్దు, రక్తపరీక్ష చేయించు. ఇనుము తక్కువైన పిల్లలు అట్లా చేస్తారు.

మొలకల రాగి పిండి రెండు కిలోలు, మునగాకు పొడి ఒక డబ్బా మీ పెదనాయనతో శనివారం బస్సుకు పంపిస్తున్నా. మునగాకు పొడి అర స్పూన్ దోసె పిండిలో కలుపు, ఎక్కువైతే చేదొస్తుంది. పిండి తడి స్పూన్‌తో తీయకు, నెల లోపు వాడేయ్. డబ్బాలు ఖాళీ అయ్యాక ఉంచుకోకుండా పంపించు, నాకు మళ్లీ పచ్చడికి కావాలి.

ఉంటాను.
మీ పెద్దమ్మ