అల్లుడికి, పంపు ఆయిల్ గురించి

చిరంజీవి అల్లుడికి మీ మావయ్య ఆశీర్వదించి రాసేది.

గుణుపురంలో బండ్లు కడిగే వాటర్ సర్వీసింగ్ షాపు పెడుతున్నావని, ప్రెషర్ పంపు కూడా వచ్చేసిందని మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. చెబుతూనే ఏడ్చేసింది. మన ఇంట్లో మళ్లీ ఒకడు సొంతంగా షాపు తెరుస్తున్నాడంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ మీ నాన్నని సూరత్ దాకా తరిమింది కూడా ఈ పనే. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే ఊ కొట్టి వదిలేస్తావని రాస్తున్నాను.

ఆయిల్ మార్చడం పెద్ద విద్యేం కాదు. పంపుని కాసేపు నడిపి, ఆయిల్ గోరువెచ్చనయ్యాక మెయిన్ స్విచ్ ఆపి, నీళ్లు చిమ్మే గన్ నొక్కి ప్రెషర్ వదిలేసి, కింద డ్రెయిన్ బోల్టు విప్పు. అంతా దిగాక బోల్టు బిగించి, పైనుంచి కొత్తది, పంపు పక్కన ఆయిల్ మట్టం కనిపించే గాజు బిళ్ల మధ్య చుక్క దాకా పొయ్యి. పంపు సమానంగా ఉండాలి, ఒక పక్కకి వాలి ఉంటే లెవెల్ తప్పు చూపిస్తుంది. ఎక్కువ పోస్తే మంచిదనుకోకు. నురగొచ్చి, వేడెక్కి, సీల్స్ దగ్గర, అంటే నీళ్లూ ఆయిలూ కారకుండా ఆపే రింగుల దగ్గర, కారుతుంది.

అంతకంటే ముందు పై మూత చూడు. దారిలో ఆయిల్ ఒలకకుండా కంపెనీవాళ్లు గాలి ఆడని మూత బిగించి పంపుతారు, చాలావాటికి అది ఎర్రగా ఉంటుంది. గాలి రంధ్రం ఉన్న అసలు మూత కవర్లో విడిగా ఇస్తారు. దాన్ని మార్చకుండా నడిపితే లోపల గాలి బిగుసుకుని ఆయిల్ సీల్ తన్నేస్తుంది.

ఏ ఆయిల్ అంటావా, పంపుతో వచ్చిన పుస్తకంలో ఏది రాసుంటే అదే. ఎక్కువగా నాన్ డిటర్జెంట్ ఎస్‌ఏఈ 30 (30 అంటే ఆయిల్ చిక్కదనం నంబరు) అనో, ఆ కంపెనీ పంపు ఆయిలే వాడమనో ఉంటుంది. కొన్నిటికి ఇంజన్ ఆయిలే వెయ్యమంటారు, అప్పుడు అదే వెయ్యి, లేదంటే ఇంజన్ ఆయిల్ వద్దు. బండి ఇంజన్‌లో మసి ఉంటుంది, దాన్ని ఆయిల్ తనలో కలుపుకుని ఫిల్టర్ దాకా మోసుకెళ్లాలి. అందుకే ఇంజన్ ఆయిల్లో డిటర్జెంట్ కలుపుతారు. పంపు ఆయిల్లో మసీ లేదు, దానికి ఫిల్టరూ లేదు. అక్కడ నీటి చుక్క పడితే అది విడిపోయి అడుక్కి దిగాలి గానీ ఆయిల్లో కలిసి తిరగకూడదు. షాపువాడు "అన్నీ ఒకటే బాబూ" అంటే నమ్మకు.

మొదటిసారి 50 గంటలకే మార్చెయ్. కొత్త భాగాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని రాలిన పొడి అంతా అందులోనే ఉంటుంది. రోజుకి 8 గంటలు తిరిగితే వారం లోపే 50 అయిపోతాయి. ఆ తర్వాత పుస్తకంలో చెప్పినట్టు, చాలావాటికి 500 గంటలకో మూడు నెలలకో, ఏది ముందొస్తే అప్పుడు. గోడమీద తేదీ రాసుకో.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. మీ నాన్న అప్పులపాలయ్యాడని ఊరంతా అంటారు గానీ ఆ అప్పు ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పరు. పర్లాకిమిడిలో ఆయన పెట్టిన షాపు బాగానే నడిచేది. లారీలు, ట్రాక్టర్లు లైన్లో ఉండేవి. ఒక వర్షాకాలం ట్యాంకుకి బురదనీళ్లు వచ్చాయి. పంపులోకి పోయే నీళ్లని వడగట్టే జాలీ మాటిమాటికీ మూసుకుపోతోందని బావ దాన్ని పీకి పక్కన పడేశాడు. ఇసుక నేరుగా పంపులోకి పోయింది. లోపల నీళ్లని నెట్టే సిరామిక్ కడ్డీలు, ప్లంజర్లు, ముందుకీ వెనక్కీ ఆడుతుంటాయి కదా, ఒకవైపు నీళ్లు, ఒకవైపు ఆయిల్. నడుమ సీల్స్. ఇసుకకి నీటివైపు సీల్స్ అరిగిపోయాయి. నీళ్లు ప్లంజర్ పట్టుకుని మెల్లగా ఆయిల్లోకి చేరాయి.

గాజు బిళ్లలో ఆయిల్ పాలెక్కువైన టీలా తెల్లబడింది. బావ చూశాడు. చూసి ఆయిల్ మంచిది కాదనుకున్నాడు. మార్చాడు. నాలుగు రోజులకి మళ్లీ తెల్లబడింది. షాపు మార్చాడు, బ్రాండు మార్చాడు, చివరికి చిక్కగా ఉంటే నీళ్లు కలవవని 90 గేర్ ఆయిల్ పోశాడు. ఆ పంపులో ప్లంజర్లని ఆడించే క్రాంకు తిరుగుతూ చిమ్మితేనే బేరింగులకి ఆయిల్ అందుతుంది. అంత చిక్కటిది ఎలా చిమ్ముతుంది? నేను వెళ్లి కింద చూస్తే నీళ్లుండే హెడ్డుకీ ఆయిలుండే క్రాంక్ కేసుకీ మధ్య నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. "బావా, తప్పు ఆయిల్‌ది కాదు, సీల్స్ పోయాయి, పంపు ఆపు" అన్నాను. అప్పటికి నౌపడా నుంచి మనకి నేరోగేజి బండే, 2004లో ఆగిపోయిందే, అదే. సీల్ కిట్ విశాఖపట్నం నుంచి రావాలి. షాపు కట్టేయాలి. "సెప్టెంబరు 17 విశ్వకర్మ పూజ, ఊళ్లో బండ్లన్నీ నా దగ్గరికే వస్తాయి, అయ్యాక చూద్దాంలే" అన్నాడు.

పూజ ముందురోజు మధ్యాహ్నం లారీ కింద గన్ పట్టుకుని ఉండగా పంపు కేక పెట్టి ఆగింది. బేరింగ్ తుప్పుపట్టి పట్టేసింది, కనెక్టింగ్ రాడ్ విరిగి కేసుని పగలగొట్టింది. కొత్త పంపుకి వడ్డీకి తెచ్చాడు, ఆ వడ్డీకి ఇంకోచోట తెచ్చాడు. అప్పటికి నువ్వు మీ అమ్మ చంకలో ఉన్నావు. మీ నాన్న చేతగానివాడు కాదు నాన్నా. చేతిలో ఉన్న బేరం పోతుందని భయపడ్డాడు, అంతే. ఇప్పటికీ లూముల మోతలోంచి ఫోన్ చేసి ముందు నీ గురించే అడుగుతాడు. ఈ పంపు గురించి ఆయన్నీ అడుగు. ముందు మాట దాటేస్తాడు, అయినా వదలకు, ఆయనకి తెలిసినంత నాకూ తెలీదు.

కాబట్టి ఆయిల్ దించిన ప్రతిసారీ డబ్బాలో పారబోసి ఊరుకోకు. కొంచెం గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచు. పొద్దున్నకి అడుగున నీళ్లు కనిపిస్తే, లేదా ఆయిల్ తెల్లగా ఉంటే, వర్షాకాలం చెమ్మకి ఒకసారి అలా కావచ్చు, మార్చి చూడు. మళ్లీ అయితే సీల్స్ మార్చాల్సిందే. బేరం ఎంతున్నా సరే షట్టర్ దించెయ్. ఒక సీల్ కిట్ ఎప్పుడూ షాపులో ఉండాలి. జాలీ రోజూ కడుగు, పీకావని తెలిస్తే వచ్చి చెవి మెలిపెడతాను. గన్ మూసి పంపుని ఊరికే తిరగనివ్వకు, లోపల నీళ్లు మరిగి సీల్స్ కాలిపోతాయి. పాత ఆయిల్ కాలవలో వదిలితే వంశధారలోకే పోతుంది, డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాడికి ఇచ్చెయ్.

గన్ ముందు వేలు పెట్టడం, కాళ్ల మీద బురద దాంతో కడుక్కోవడం చెయ్యకు. ఆ ధార చర్మంలోకి దూరితే పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, లోపల కండ చచ్చిపోతుంది. నొప్పి లేదని ఇంట్లో కూర్చోకుండా అప్పటికప్పుడు బరంపురం పెద్దాసుపత్రికి వెళ్లాలి. తడి నేలమీద కరెంటు కాబట్టి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్), సరైన ఎర్త్ లేకుండా స్విచ్ వెయ్యొద్దు. ఎలక్ట్రీషియన్ డబ్బులు నేనిస్తాను, దానికి మొహమాటపడకు.

ఈ ఆదివారం సీల్ కిట్ పట్టుకుని వస్తాను, పంపు మోడల్ నంబరు ఫొటో తీసి పంపు. పై మూత మార్చావో లేదో ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్పు.

మీ మావయ్య
పర్లాకిమిడి