బాపు గోల్డ్ మెడల్‌లో బంగారమెంత?

ప్రశ్న: మా బాపు కబడ్డీ ఆడేటోడు. ఆయన పోయినంక ట్రంకుపెట్టెల రెండు మెడల్స్ దొరికినయి. ఒకటి పచ్చగ మెరుస్తున్నది, వెనక ‘రాష్ట్రస్థాయి, ప్రథమ’ అని ఉంది. అది బంగారం, అమ్మి పంచుకుందాం అంటడు మా అన్న. నిజంగ ఎంత చేస్తది సార్? – ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: అమ్మా, ముందు మీ అన్నగారి చేతికి ఒక అయస్కాంతం ఇవ్వండి. పతకం దానికి అతుక్కుంటే లోపల ఇనుము, బేరం అక్కడితో ఖతం. అతుక్కోకపోతే ఇత్తడో, జింకు కలిపి పోసిన లోహమో అయి ఉంటుంది. మన ఆటల పోటీల్లో ఇచ్చే గోల్డ్ మెడల్‌లో గోల్డ్ అనేది చాలావరకు రంగు పేరే. పాత సామాన్లవాడు తూకం వేసి ఇచ్చే డబ్బు మీ ఇద్దరి చాయ్‌కి సరిపోతే గొప్ప.

మాది వరంగల్ మట్టెవాడలో అవుసుల ఇల్లు, అంటే బంగారం పనివాళ్లం. చిన్నప్పుడు మా నాయిన కుంపటి పక్కన కూర్చుని ఊదుగొట్టం అందించేవాణ్ని. ఒకరోజు ఓ పహిల్వాన్ వచ్చాడు. బిడ్డ పెళ్లికి పైసలు తక్కువపడి, తన కుస్తీ పతకం రుమాల్లో చుట్టి తెచ్చాడు. నాయిన గీటురాయి మీద గీస్తే పసుపుపచ్చ గీత పడింది. పహిల్వాన్ మొహం వెలిగింది. కానీ పూత వేసిన సొమ్ము మొదటి గీతలో రాయిని కూడా మోసం చేస్తుంది. నాయిన ఆకురాయితో అంచున పెసరగింజంత గాటు పెట్టి, ఆ గాటునే మళ్లీ రాయి మీద రుద్ది, ఆసిడ్ చుక్క వేశాడు. చుక్క సన్నగా పొంగి ఆకుపచ్చగా తిరిగింది, గీత కరిగిపోయింది. ఇత్తడి. పహిల్వాన్ ఏమీ అనలేదు, రుమాలు మడతపెట్టడం మొదలుపెట్టాడు. నాయిన ‘ఆగు పటేలా’ అని పతకం మళ్లీ తీసుకుని, గాటు మీద బంగారు నీళ్లు పెట్టి ఇచ్చాడు. పైసలు తీసుకోలేదు. మీ బాపు పతకానికి గాటు పెట్టించకండి, అంచు పాడవుతుంది. అయస్కాంతం చాలు.

ప్రశ్న: ఒలింపిక్స్ గోల్డ్ కూడా ఉత్తదేనా సార్? మరి గెలిచినోళ్లు దాన్ని ఎందుకు కొరుకుతరు? – తొమ్మిదో తరగతి విద్యార్థి, కాజీపేట

జవాబు: ఉత్తది కాదు నాయనా, వెండిది! ఒలింపిక్స్ నియమం ప్రకారం బంగారు పతకమంటే కనీసం 92.5 శాతం స్వచ్ఛత ఉన్న వెండి, పైన కనీసం 6 గ్రాముల బంగారం. 2024 పారిస్ పతకం బరువు 529 గ్రాములు. అందులో 6 గ్రాములు బంగారం, 18 గ్రాములు ఈఫిల్ టవర్ మరమ్మతుల్లో తీసిన పాత ఇనుము, మిగతాదంతా వెండి. 85 మిల్లీమీటర్ల బిళ్ల చుట్టూ 6 గ్రాములు పరిస్తే ఆ పూత తల వెంట్రుకంత మందం కూడా రాదు. అయినా మన గిల్టు నగల పూతతో పోలిస్తే అది దుప్పటి కప్పినట్టే.

ధర చూద్దాం. ఆ పోటీల నాటికి ఇక్కడ మేలిమి బంగారం తులం సుమారు 70 వేలు, వెండి కిలో 80 వేల పైన. అంటే పైపూత 42 వేలు, లోపలి అరకిలో వెండి కూడా దాదాపు అంతే. మొత్తం 80 వేల పైచిలుకు. పూర్తి బంగారంతో చేసిన పతకాలు ఇచ్చింది ఆఖరుసారి 1912లో, స్టాక్‌హోంలో. అవీ చిన్నవే, 24 గ్రాములు. మన ఇళ్లల్లో పెళ్లికూతురు మెడలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

టోక్యో పతకాలు ఇంకో ముచ్చట. జపాన్ జనం ఇచ్చిన పాత ఎలక్ట్రానిక్ సామాన్లు, వాటిలో 62 లక్షల సెల్‌ఫోన్లు, కరిగించి తీసిన లోహంతోనే అవన్నీ చేశారు. నీరజ్ చోప్రా ఈటె విసిరి గెలిచిన బంగారంలో ఎవరి పాత ఫోనుందో! సింధు అక్కడ తెచ్చిన కాంస్యం 95 శాతం రాగి, 5 శాతం జింకు. మా పనివాళ్ల లెక్కలో రాగిలో తగరం పడితే కంచు, జింకు పడితే ఇత్తడి. కాబట్టి దాన్ని కాంస్యం అనడానికి నాకు నోరు రాదు. ఎర్రగా ఉండే మంచి ఇత్తడి అంటాను.

మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో 55.82 సెకన్లకు తెచ్చిన కాంస్యాన్ని అప్పటి రాగి రేటుకు లెక్కేస్తే నాలుగొందలు దాటేది కాదు. ప్రభుత్వం ఆమెకు ప్రకటించింది కోటి రూపాయలు, గ్రూప్–2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల జాగా. జెస్సీ ఓవెన్స్ 1936లో బెర్లిన్‌లో గెలిచిన పతకం ఒకటి 2013 వేలంలో 14 లక్షల డాలర్ల పైన పలికింది. అదీ వెండి మీద పూతే.

ఇక కొరకడం. మేలిమి బంగారం మెత్తన, పంటి గాటు పడుతుంది. అది పాతకాలపు నాణేల పరీక్ష. ఇప్పుడు ఫొటోగ్రాఫర్లు అడుగుతారు, వీళ్లు కొరుకుతారు. 2010 వాంకూవర్ శీతాకాల ఒలింపిక్స్‌లో జర్మనీ ఆటగాడు డేవిడ్ మోలర్ అట్లా వెండి పతకం కొరికి పన్ను చివర విరగ్గొట్టుకున్నాడు. నువ్వు మాత్రం కొరకకు.

ప్రశ్న: ఇంట్లో మెడల్స్ నల్లబడ్డయి. చింతపండుతో తోమచ్చా? – గృహిణి, హనుమకొండ

జవాబు: వద్దే వద్దు. చింతపండు ఇత్తడి బిందెకు మంచిది. పూత ఉన్న పతకాన్ని దాంతో రెండుసార్లు తోమితే గోల్డ్ మెడల్ కాస్తా తెల్లారేసరికి చెంబు రంగుకు వస్తుంది. పారిస్ కాంస్యాలే కొన్ని నెలల్లో మచ్చలు పడి పెచ్చులూడితే, అక్కడి టంకశాల కొత్తవి ఇవ్వాల్సి వచ్చింది. మెత్తటి పొడి నూలుగుడ్డతో తుడిచి, చెమట చేయి తగలకుండా గుడ్డలో చుట్టి పెట్టండి. రిబ్బను తడిగా ఉంటే ముందు నీడన ఆరనివ్వండి, ఆ తడికి లోహం మీద మరకలు పడతాయి.