‘విత్ ఫీవర్’ ఎక్కణ్ణించి వచ్చింది?

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఇంగ్లీషు ప్రిపొజిషన్లలో, అంటే ‘ఇన్’, ‘ఆన్’, ‘విత్’ లాంటి చిన్న మాటల్లో, అబ్బాయిలకన్నా అమ్మాయిలే తక్కువ తప్పులు చేస్తారని మొదటి పేరాలోనే తేల్చేశావు. నువ్వు చూసింది ఒక్క తరగతి, అదీ ఖాళీలు పూరించే పరీక్ష ఒక్కటి.

నేను చాలా ఏళ్ళు పిల్లలకి ఇంగ్లీషు చెప్పాను. ఓ అక్కాతమ్ముళ్ళు ఇప్పటికీ గుర్తు. లీవ్ లెటర్‌లో అక్క ‘సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని సరిగ్గా రాసేది, తమ్ముడు ‘విత్ ఫీవర్’ అని రాసేవాడు. అమ్మాయికి వచ్చేసిందనుకున్నాను. ఓ రోజు నిజంగానే ఒళ్ళు కాలిపోతూ వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడి, ‘టీచర్, ఐయామ్ సఫరింగ్ విత్ ఫీవర్’ అంది. లెటర్ బట్టీ పట్టింది గానీ, నోట్లోంచి వచ్చిన మాట మాత్రం ‘జ్వరంతో బాధపడుతున్నా’లోంచే పుట్టింది. ఆ ‘తో’ ఇద్దరికీ ఒకటే. నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది.

మన ‘లో’ చూడు. బస్సులో, కార్లో, స్టేషన్లో, లెక్కల్లో, అన్నిటికీ అదే సరిపోతుంది. ఇంగ్లీషులో బస్సుకి ‘ఆన్’, కారుకి ‘ఇన్’, స్టేషన్‌కి ‘ఎట్’, లెక్కల్లో దిట్ట అన్నా ‘ఎట్’. నాలుగేళ్ళ నుంచి అనాలంటే ‘ఫర్’ వాడాల్సిన చోట ‘సిన్స్ ఫోర్ ఇయర్స్’ అంటాం. దేని గురించో చర్చిస్తాం గనక ‘డిస్కస్ అబౌట్’, నా మీద కోపం గనక ‘యాంగ్రీ ఆన్ మీ’. డుమువులు వల్లించిన బుర్ర కదా, ఒక్కో ప్రత్యయానికి ఒక్కో ఇంగ్లీషు ముక్క జతగా ఉంటుందని నమ్మేస్తుంది.

ఆడామగా తేడా గురించి రాయొద్దనడం లేదు. కొడుకుని ప్రైవేటు ఇంగ్లీషు మీడియంకి, కూతుర్ని సర్కారు బడికి పంపే ఇళ్ళు నువ్వూ చూశావు. బడి అయ్యాక ఎవరు ఇంట్లో కూర్చుని నోట్సు తిరగేస్తున్నారు, ఎవరు బయట నలుగురితో మాట్లాడుతున్నారు, ఇవేవీ కనుక్కోకుండా మార్కులు చూసి ‘అమ్మాయిలంతే, అబ్బాయిలంతే’ అని రాస్తే ఆ పిల్లలకి అన్యాయం చేసినట్టే.

ఈసారి మాట్లాడించు. వాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళ అనుమతి అడిగి, సెలవుల్లో ఏం చేశారో పిల్లల చేత ఓ ఐదు నిమిషాలు చెప్పించి ఫోన్లో రికార్డు చెయ్యి. ప్రతి తప్పు పక్కనా దాని వెనకున్న తెలుగు వాక్యం రాయి. ముందు ఆ కాగితాలు నాకు పంపు, వ్యాసం సంగతి తర్వాత చూద్దాం.

మీ అక్క